మావ అన్న మాట

హోప్ టౌన్
జూన్ 10

గణపతి బావకి అసిరయ్య రాసేది.

ఇక్కడ వాన పట్టుకుంది. నేను బతికే ఉన్నాను. నీ సంగతి నీ ఉత్తరంలో రాద్దువు గాని, ముందు నా సంగతి చదువు.

ఫోన్ చేస్తే రెండు ముక్కల్లో అయిపోద్ది కదా అనుకుంటావు. ఫోన్లో నాకు మాట పట్టదు. నాకు చెవుడని ఊరంతా చెప్పుకుంటారు. చెవుడు లేదు నాకు. నలభై ఏళ్ళు డీజిల్ ఇంజను పక్కన కూకున్నవాడికి ఈ కాలపోళ్ళ గొంతులు సన్నంగా వినబడతాయి, అంతే. మూడో తరగతి చదివిన చేత్తో రాస్తన్నాను. తప్పులుంటే దిద్దుకో.

నీ కూతురు కళ నిన్న ఉదయం బస్సెక్కినాది. ఈపాటికి నీ ఇంట్లోనే ఉండి ఉంటది. ఎందుకొచ్చిందో నీకు చెప్పి ఉండదు. నేను చెప్తాను.

పది రోజుల కిందట వెనక వసారాలో కూకుని వలకి తాడెక్కిస్తన్నాను. వంటింట్లో ఆ గుంట ఫోను ముందరెట్టుకుని ఏటో గొణుగుతా ఏడుస్తంది. ఎవులితో అనుకున్నావు? మనిషితో కాదు. ఆ ఫోన్లో ఒకటుందట, ఏది అడిగినా జవాబు చెప్తాదట. పిల్ల గొణుగుడు నాకు పట్టలేదు. దాని మాట పట్టింది. గట్టిగా, నిదానంగా, రేడియోలో వార్తలు చదివినట్టు చెప్పినాది. మా ఇంట్లో నాకు అర్థమయ్యేలాగ మాట్లాడేది అదొక్కటే అనుకో. ఏమన్నాదో విను. "మీ మామగారు మీతో నెలల తరబడి మాట్లాడకపోవడం, మీపై చెయ్యి చేసుకోవడం సరికాదు. ఇందులో మీ తప్పు లేదు" అన్నాది.

చేతిలో తాడు అలాగే ఉండిపోయింది బావా. మావ కోడలితో ఏటి మాట్లాడతాడు? కూడెట్టమంటాడు, గొడుగేదంటాడు. ఇక చెయ్యి చేసుకోవడమా? నా ఇంటిది సీతాలు బతికుండగా నలభై రెండేళ్ళ కాపురంలో దాని మీదే ఎత్తలేదు ఈ చెయ్యి. కోడలి మీద ఎత్తుతానా? నేనెత్తినానని ఈ గుంట ఒక యంత్రానికి చాడీ చెప్పడమూ, అది నా మీద తీర్పివ్వడమూ.

జెట్టీ కాడ మన వాళ్ళకి చెప్పినాను. ఒక్కొక్కడూ ఒక్కో మాట. ధనరాజు, ఇంటి గుట్టు కంపెనీవోడి చెవిలో పోసినట్టే, ఆడదానికి ఇంతకంటే సిగ్గుమాలిన పని లేదన్నాడు. నూకయ్య, అడిగితే అడిగినాది, ఊరంతా తిరిగి చెప్పుకోలేదు కదా, నా కూతురూ అడుగుద్ది అన్నాడు. జోగులు సంగతి నీకు తెలుసు. పెళ్ళాం అలిగితే ఏం చెయ్యాలని ఆడు కూడా దాన్ని అడిగినాడట. పది నిమిషాలు అడ్డు చెప్పకుండా ఆవిడ మాట వినమన్నాదట. ఈడు పది నిమిషాలు చుప్‌చాప్ కూకుంటే, వొంట్లో బాగోలేదనుకుని పెళ్ళాం ఆసుపత్రికి తీసుకెళ్ళినాదట. అందరూ నవ్వినారు. నాకు నవ్వు రాలేదు.

ఇరవై ఎనిమిదేళ్ళుగా ఈ దీవిలో, ఈ ఊళ్ళో మన తెలుగోళ్ళ మొగుడూ పెళ్ళాల తగువులు నా వసారాలోనే తెగుతున్నాయి. అలాంటిది నా ఇంటి తగువు ఫోన్లో తెగడమేటని ఆదివారం నలుగురినీ పిలిచినాను. పదకొండు గడపలవాళ్ళు వచ్చినారు. నీ కూతురు ఎర్ర అంచు చీర కట్టుకుని, తల దువ్వుకుని, పేరంటానికి వచ్చినట్టు వచ్చి కూకున్నాది. అది చూసి నాకు ఇంకా మండింది. నా కొడుకు చిరంజీవి గుంజకి ఆనుకుని నిలబడినాడు.

సూటిగా అడిగినాను. "మావ చెయ్యెత్తినాడని ఫోనుకి చెప్పినావా లేదా?"

"చెప్పినాను" అన్నాది, అందరికీ వినబడేలాగ. అబద్ధం కాదు అని కూడా అన్నాది.

అంత మందిలో, నా మొహం మీద. ఇంటి పరువు తీసినావు, ఆ ఫోను నడిమిన పెట్టి తప్పయిందని చెప్పు అన్నాను. ఆ గుంట చిరంజీవి వైపు చూసినాది. ఆడు నేల చూసినాడు. తర్వాత నా వైపు తిరిగినాది. "అంతేనా మావా?" అన్నాది. ఫోను నా కాళ్ళ ముందు పెట్టి లోపలికెళ్ళిపోయింది. తెల్లారి బస్సు.

నువ్వు నాకు చిన్నప్పటి నేస్తానివి, తర్వాత వియ్యంకుడివి. అందుకే రాస్తన్నాను, లేకపోతే ఊరుకుందును. పిల్లకి బుద్ధి చెప్పి పంపు. నలుగురిలో తప్పయిందంటే చాలు, నేను మరి ఆ మాటే ఎత్తను. ఫోను నా పెట్టెలో ఉంది.

అసిరయ్య


ఫెరార్‌గంజ్
జూన్ 22

అసిరయ్య బావకి,

నీ ఉత్తరం అందింది. కళ క్షేమంగా చేరింది. మాట్లాడదు. పొద్దున లేచి వాళ్ళమ్మతో అల్లం మడులు చూసుకుంటుంది. ఈసారి వాన ముందే వచ్చి మడుల్లో నీళ్ళు నిలిచాయి, సగం కుళ్ళేలా ఉంది.

పిల్లకి బుద్ధి చెప్పమన్నావు. ఏం చెప్పాలో ఆలోచిస్తున్నాను. ఇక్కడ బస్టాపు దగ్గర కూడా ఈ సంగతి తెలిసిపోయింది. ఫోనుతో కాపురం చేసిన పిల్ల అని ఒకడు అన్నాడట. ఆ మాట అన్నవాడి కోడలు సాయంత్రం మా ఇంటికొచ్చి, దీదీ, నేనూ అడుగుతాను, మా ఆయనకి చెప్పకు అందట. లోకం ఇలా ఉంది.

ఒక్క సంగతి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఆ ఫోను సరిగ్గా ఏ మాట అంది? అక్షరం మారకుండా రాయి. కళ దానికి ఏం చెప్పిందో నీ చెవిన పడిందా, లేక అది చెప్పిందే పడిందా?

ఆ ఫోను పంపించెయ్యి. మన ఊరి బస్సు డ్రైవర్ భయ్యాకి ఇస్తే చాలు. ఎవరిదైనా, వాళ్ళ వస్తువు వాళ్ళ దగ్గర ఉండాలి.

గణపతి


హోప్ టౌన్
జూలై 13

గణపతి బావకి,

కోపం తెచ్చుకోకన్నావు. తెచ్చుకున్నాను. నువ్వు నన్ను ప్లీడరులాగ అడుగుతున్నావేటి? అక్షరం మారకుండా కిందటి ఉత్తరంలోనే రాసినాను. మీ మామగారు అన్నాది. మామగారు. గారు కూడా పెట్టినాది, ఆ మర్యాద ఒకటి. పిల్ల ఏం గొణిగిందో నాకు పట్టలేదని కూడా రాసినాను. పట్టకపోతే ఏటి? జవాబుని బట్టి ప్రశ్న తెలీదా? మీ మామగారు చెయ్యి చేసుకోవడం తప్పు అని జవాబొస్తే, మావ కొట్టినాడని చెప్పినట్టే కదా. నలుగురిలో తనే ఒప్పుకున్నాది కదా.

ఫోను పంపను. ఆ గుంట వచ్చి తీసుకోవాలి.

ఊరు మారిపోయింది బావా. కుళాయి మూడు రోజులకోసారి వస్తాది కదా, ఆడవాళ్ళందరూ డబ్బాలు పట్టుకుని మా సందులోనే నిలబడతారు. నేను అటెళ్తే మాట ఆపేస్తన్నారు. ఎరుకమ్మ ఉంది కదా, రమణయ్య పెళ్ళాం, దానికి నోరు ఎక్కువ. నాతోనే అన్నాది. ఫోనుకి చెప్తే కుళాయి కాడ కథ అవ్వదు పెద్దయ్యా, నీకు చెప్తే పదకొండు గడపలకి తెలుస్తాది, మరి ఎవులికి చెప్పుకుంటారు అన్నాది. పెద్ద గొంతు కాబట్టి ప్రతి మాటా వినబడింది. ఈ నెలలో ఒక్క తగువు రాలేదు నా దగ్గరికి. కిందటి వారం లక్ష్ముడూ ఆడి పెళ్ళామూ కొట్టుకున్నారని తెలిసి నేనే కబురు పెట్టినాను. సర్దుకున్నాం అన్నారు. ఎవులు సర్దినారంటే ఇద్దరూ నవ్వినారు. నాకు తెలీదేటి?

పోలిరాజు ఆఫీసులో పని చేస్తాడు, నాలుగు ముక్కలు తెలిసినవాడు. అది మనిషి కాదు, ఎదుటోడు ఏడిస్తే ఏడుపుకి తగ్గ మాట చెప్తాది, రెండో పక్క మాట దానికి తెలీదు అన్నాడు. అదే నేనూ అంటన్నాను. రెండు పక్కలా వినకుండా తీర్పేటి?

ఇంట్లో కూడు నేనే వండుతున్నాను. అన్నం అడుగంటుద్ది. చిరంజీవి సరిగ్గా తినడు. ఫెర్రీ మీద డ్యూటీ అయిపోయినా ఇంటికి రాడు, బోటు మీదే పడుకుంటన్నాడు. తండ్రి పరువు పోయిందని కుమిలిపోతన్నాడు. వాడు నాకంటే పౌరుషం గలవాడు. వాడి కోసమైనా పిల్లని పంపు. పరువు నాది పోతే పోయింది, ఆ ఇద్దరూ ఒక చోట ఉండాలి. సీతాలు పోతా పోతా నాకు అప్పగించిన పని అదొక్కటే.

అసిరయ్య


ఫెరార్‌గంజ్
ఆగస్టు 2

బావా,

ఇది మొదలెట్టి మూడు కాగితాలు చింపాను. నువ్వు కూర్చుని చదువు.

నిన్ను కాదు. కళ చెప్పింది నీ గురించి కాదు.

మా పిల్ల నిన్నూ మావే అంటుంది, మొగుడు చిరంజీవినీ మావే అంటుంది. మన ఆడవాళ్ళందరూ అంతే కదా. సీతాలక్క నిన్ను ఏమని పిలిచేది? ఎవర్ని పిలిచారో మనకి గొంతులో తెలుస్తుంది. ఆ యంత్రానికి గొంతు తెలీదు. మావ నాతో మాట్లాడటం లేదు, మావ కొట్టాడు అని కళ ఏడిస్తే, పుస్తకంలో మామ అంటే మొగుడి తండ్రే కాబట్టి అది మీ మామగారు అంది. మా పిల్ల చదివింది హిందీ మీడియం. రోజూ దానితో హిందీలోనే రాసుకునేదట. ఏడుపొచ్చిన రోజు మాత్రం నోటికి తెలుగే వచ్చింది. మామగారు అంటే మావకి మర్యాద మాట కాబోలు అనుకుంది. నేను చెప్పాక, "మామగారంటే మావ కాదా నాన్నా?" అని అడిగింది.

కడుపులో బిడ్డ ఐదో నెలలో పోయింది కదా. ఆ రోజు నుంచి చిరంజీవి మాట్లాడటం మానేశాడట. పద్నాలుగు నెలలు బావా. గోడవైపు తిరిగి తింటాడట. ఏం తప్పు చేశానని రెండుసార్లు అడిగితే రెండుసార్లూ చెయ్యెత్తాడట. ఒకే ఇంట్లో ఉండి నీకు తెలీలేదు. నిన్ననటం లేదు. మాటలు వినబడని వాడికి, మాటలు లేవని ఎలా తెలుస్తుంది.

ఇంకొకటి ఉంది. ఇది చెప్పడం కష్టం. ఆదివారం నువ్వు నలుగురినీ పిలిచావని తెలిసి మా పిల్ల చీర కట్టుకుని ఎందుకొచ్చిందనుకున్నావు? నువ్వు వసారాలోంచి అంతా విన్నావని, తన పక్షాన కొడుకు మీద తగువు పెట్టావని అనుకుంది. మావ చెయ్యెత్తాడా అని నువ్వు అడిగితే, చిరంజీవి గురించే అడిగావనుకుని ధైర్యంగా ఎత్తాడు అంది. అప్పుడు నువ్వు తప్పు ఒప్పుకోమన్నావు. కొట్టినవాణ్ణి వదిలేసి. అంతేనా అని ఎందుకందో ఇప్పుడు తెలిసిందా.

అక్కడ నిజం తెలిసినవాడు ఒక్కడే, చిరంజీవి. నోరు విప్పలేదు.

చిరంజీవిని అనే హక్కు కూడా నాకు లేదు. కిందటి దసరాకి కళ ఇక్కడికొచ్చినప్పుడు నాకు చెప్పింది. ముందు నాకే చెప్పింది బావా. నేను పోకచెట్టు దిగుతూనే విని, మొగవాడన్నాక కోపం ఉంటుంది, సర్దుకో అన్నాను. మళ్ళీ చెట్టెక్కాను. తిరిగెళ్ళాక ఆ ఫోనుతో మాట్లాడటం మొదలెట్టింది. అది వరస తప్పుగా పట్టుకుంది, నిజమే. సర్దుకోమని మాత్రం అనలేదు.

ఈ మాట నీకు జూన్‌లోనే రాయాల్సింది. నీ మొదటి ఉత్తరం చదవగానే అనుమానం వచ్చింది. రాస్తే నేను విని ఊరుకున్న సంగతి కూడా రాయాలి. అందుకే నీ చేత అక్షరం అక్షరం రాయించి కాలం గడిపాను.

గణపతి


హోప్ టౌన్
సెప్టెంబరు 7

బావా,

నీ ఉత్తరం చదివి వారం రోజులు నీ మీద కోపంతో ఉన్నాను. కూతుర్ని వెనకేసుకొస్తన్నావు అనుకున్నాను. నా కొడుకు అలాంటివాడు కాదు అని కాగితం మీద రాసినాను కూడా. ఆ కాగితం పంపలేదు.

చిరంజీవిని పిలిచి వసారాలో కూకోబెట్టినాను. పెళ్ళాంతో మాట్లాడటం మానేసినావా, కొట్టినావా అని అడిగినాను. వాడు తల దించుకుని ఏదో అన్నాడు. వినబడలేదు. గట్టిగా చెప్పమన్నాను. మళ్ళీ అన్నాడు. మళ్ళీ వినబడలేదు. నాకు ఒళ్ళు మండి, మొగాడివైతే నోరు తెరిచి చెప్పరా అన్నాను. అప్పుడు అరిచినాడు. అవును, కొట్టినాను అని అరిచినాడు. బిడ్డ పోయినాక దాని మొహం చూసి ఏం మాట్లాడాలో తెలీలేదు నాన్నా, ఒక రోజు ఆగితే రెండో రోజు ఇంకా కష్టమైపోయింది, తర్వాత నోరు రాలేదు అని అరిచినాడు. ఆదివారం ఎందుకు చెప్పలేదంటే, నువ్వు నన్నడగలేదు అన్నాడు.

అది కుళాయి వచ్చే రోజు బావా. సందంతా డబ్బాలతో నిలబడి ఉన్నారు. నా కొడుకు తప్పు నాకు వినబడాలంటే ఊరంతటికీ వినబడాల్సి వచ్చినాది.

నేను తలుపు తీసి బయటికొస్తే ఒక్కరూ ఆశ్చర్యపోయి లేరు. అదే నన్ను కొట్టినాది. ఎరుకమ్మని అడిగినాను, ఇది మీకు ముందే తెలుసా అని. ఆదివారం నువ్వు అడిగినప్పుడే తెలుసు, మా ఆడోళ్ళందరికీ తెలుసు అన్నాది. మరి చెప్పరేటంటే, నువ్వు అడిగే మనిషివి గాని వినే మనిషివా పెద్దయ్యా అన్నాది. ఇరవై ఎనిమిదేళ్ళ తగువులు కళ్ళ ముందు తిరిగినాయి. అందులో ఎన్ని నిజంగా విన్నానో. ఎన్ని మొహాలు చూసి తేల్చినానో. రెండు పక్కలా వినాలని ఫోనుకి నీతులు చెప్పినవాణ్ణి.

చిరంజీవి తర్వాతి రోజు నాంకౌరీ దీవి వైపు ఎళ్ళే షిప్పులో డ్యూటీ వేయించుకుని ఎళ్ళిపోయినాడు. చెప్పి వెళ్ళినాడో లేదో, చెప్తే నాకు వినబడలేదో.

మొన్న శుక్రవారం నేను మీ ఇంటికొచ్చినాను. నువ్వు పోక లోడుతో పోర్ట్ బ్లెయిర్ ఎళ్ళినావట, చెల్లెమ్మ పొలంలో ఉంది. కళ ఒక్కతే ఉంది. ఫోను ముందు చేతిలో పెట్టినాను. తప్పు నాది, నేను సరిగ్గా వినలేదు, నన్ను చమించు అన్నాను. ఆ మాట నా నోటెంట ఎవులూ విని ఉండరు. నాకే కొత్తగా ఉంది.

పిల్ల గుమ్మంలో కూకున్నాది. వాన బావా. మీ రేకుల కప్పు మీద వాన పడతంటే ఇంజను రూములో ఉన్నట్టే ఉంది. కళ మాట్లాడటం మొదలెట్టినాది. చాలాసేపు మాట్లాడినాది. మావా అన్నట్టు మూడుసార్లు పెదాలు కదిలినాయి. ఒక్క మాట నాకు వినబడలేదు.

గట్టిగా చెప్పమందును. నోరు రాలేదు. కొడుకు చేత అరిపించినాను, ఇక ఈ పిల్ల చేత కూడా అరిపించాలా? ఆఖర్ని ఏదో అడిగి నా మొహం వైపు చూసినాది. నేను తలాడించినాను. మళ్ళీ అడిగినాది. మళ్ళీ ఆడించినాను. అప్పుడు ఏడ్చినాది. నా కాళ్ళు ముట్టుకుని, లోపలికెళ్ళి నీళ్ళు తెచ్చి ఇచ్చినాది. మొహం తేలికపడింది.

ఇంటికొస్తాను, రమ్మంటారా అని అడిగినాదేమో అనుకుంటన్నాను. బస్సులో వచ్చినంత సేపూ అదే అనుకున్నాను. చిరంజీవికి కబురు పెట్టినాను, తొందరగా రమ్మని. బియ్యం ఏరించి పెట్టినాను. అయినా గుబులుగా ఉంది. పిల్ల ఏం అడిగిందో కనుక్కుని రాయి. నాకు వినబడలేదని మాత్రం చెప్పకు.

నాకు చెవుడుంది బావా. ఈ ముక్క నీకొక్కడికే రాస్తన్నాను.

అసిరయ్య


ఫెరార్‌గంజ్
సెప్టెంబరు 14

బావా,

అడిగాను. నీకు వినబడలేదని చెప్పలేదు. అసిరయ్య మావతో ఏం మాట్లాడావమ్మా అని మామూలుగా అడిగాను. ఎంత సంతోషంగా చెప్పిందో చూస్తే నాకు ఎక్కడ చూడాలో తెలీలేదు.

కళ మాటలు ఉన్నవున్నట్టు రాస్తున్నాను.

"మావా, నువ్వు నాకోసం ఇంత దూరం వచ్చావు, చాలు. నీ మీద నాకు కోపం పోయింది. కానీ నేను ఆ ఇంటికి రాను. ఆయన మాట్లాడతాడేమోనని పద్నాలుగు నెలలు చూశాను, ఇంక చూడలేను. మమ్మల్ని విడదీసినట్టు నలుగురిలో నీ నోటితో చెప్పు. నువ్వు చెప్తే నా వెనక ఎవరూ మాట అనరు. కోర్టు కాగితాలు తర్వాత చూసుకుందాం. చెప్తావా?"

నువ్వు తలాడించావు. నిజంగా చెప్తావా అని మళ్ళీ అడిగిందట. మళ్ళీ ఆడించావు.

ఊరి పెద్ద తలాడిస్తే మనలో తీర్పు అయిపోయినట్టే. ఈ ముక్క నీకు నేను చెప్పాలా.

కన్నకొడుకని కూడా చూడలేదమ్మా, ఒక్క మాట ఎదురడగలేదు అని వాళ్ళమ్మకి పదిసార్లు చెప్పింది. పోర్ట్ బ్లెయిర్ బతు బస్తీలో కుట్టు షాపులో పనికి మాట్లాడుకుంది. వచ్చే నెల నుంచి వెళ్తుంది. ఫోన్ని అడిగి చేశావా అన్నాను. ఈసారి ఎవర్నీ అడగలేదు అంది.

ఇప్పుడు నీ చేతిలో ఉంది. నాకు చెవుడు, నేను వినకుండా తలాడించానని నువ్వు అంటే తీర్పు లేదు. చిరంజీవి కూడా వచ్చి ఒక మాట మాట్లాడితే ఏమవుతుందో. తండ్రిగా నేనేం కోరుకోవాలో నాకు తెలీటం లేదు. ఒకసారి సర్దుకోమన్నాను, మళ్ళీ నా నోటికి ఏ మాటా రాదు. నువ్వు ఏది రాస్తే అది కళకి చదివి వినిపిస్తాను.

గణపతి


హోప్ టౌన్
అక్టోబరు 6

గణపతికి,

ఏమని మొదలెట్టాలో తెలీక పేరు రాసినాను. నిన్నటి నుంచి మనం వియ్యంకులం కాదు. చిన్నప్పుడు నిన్ను ఒరే అనేవాణ్ణి, ఇప్పుడు బాగోదు. అలవాటు కొద్దీ బావా అనే రాస్తే ఏమనుకోకు.

నిన్న ఆదివారం నలుగురినీ పిలిచినాను. తొమ్మిది గడపలవాళ్ళు వచ్చినారు. చెప్పేసినాను. నా కొడుకు కట్టుకున్నదాన్ని పద్నాలుగు నెలలు మాటకి మొహం వాచేలా చేసినాడు, కొట్టినాడు, ఆ పిల్ల విడదీసి ఒగ్గేయమని అడిగినాది, నేను సరే అన్నాను, దాని వెనక ఎవులైనా మాటంటే నా మీద అన్నట్టే అని చెప్పినాను. ధనరాజు లేచి, ఫోను మాట విని కాపురాలు కూలిపోతన్నాయి, దానికి నువ్వు తలూపినావన్నాడు. ఎరుకమ్మ అందుకున్నాది. ఫోనూ తప్పు విన్నాది, పెద్దయ్యా తప్పు విన్నాడు, కాకపోతే ఫోనుకి కొడుకు లేడు అన్నాది. ఎవులూ నవ్వలేదు. జోగులు కూడా నవ్వలేదు.

ఇక మీదట నా వసారాలో తగువులు ఉండవని కూడా చెప్పినాను. మరి ఎవులి దగ్గరికెళ్ళాలని రమణయ్య అడిగినాడు. వసారాలో పరిచిన చాప చుట్టేసినాను. నూకయ్య మాత్రం వెళ్తా వెళ్తా, కన్నకొడుకు మీద తీర్పు చెప్పడం ఎవులి వల్లా కాదు పెద్దయ్యా అని దండం పెట్టినాడు. ఆ దండం నేనేం చేసుకోను? వినబడక ఊపిన తల అది.

నాకు వినబడలేదన్న సంగతి నీకూ నాకూ తప్ప ఎవులికీ తెలీదు. తెలియనివ్వకు. ఆ పిల్ల నేను దాని మాట విన్నాననుకుంటంది. దాని మాట విన్నవాడు ఒకడైనా ఉన్నాడని అనుకోనీ. విని ఉంటే తలాడించేవాణ్ణి కాదు, అది నాకు తెలుసు. కాళ్ళు పట్టుకునైనా తెచ్చుకునేవాణ్ణి. అందుకే చెప్పకు.

సీతాలుకి ఏం చెప్పుకోవాలో తెలీదు.

చిరంజీవి షిప్పు దిగి వచ్చినాడు. నేను కబురెట్టినందుకు కళ వచ్చేసిందనుకుని వచ్చినాడు. చేతిలో సంచి కూడా దింపకుండా లోపలా బయటా తిరిగినాడు. చెప్పినాను. నిన్నటి నుంచీ మాట్లాడతానే ఉన్నాడు. పద్నాలుగు నెలలదీ ఒకేసారి వస్తంది వాడి నోట్లోంచి. ఒక్కసారి పిలిపించు నాన్నా, ఒక్క మాట చెప్తాను నాన్నా, తీర్పు మార్చానని అను నాన్నా అంటన్నాడు. నాకు చెవుడని గట్టిగా, నిదానంగా, ఒక్కో మాటా విడదీసి చెప్తన్నాడు. మధ్యలో మంచినీళ్ళు తాగి మళ్ళీ మొదలెడతన్నాడు.

ఇది రాస్తంటే కూడా ఎదురుగా కూకుని అదే అడుగుతున్నాడు. మొత్తం వినబడతంది బావా. వినబడనట్టు కూకుని రాసుకుంటన్నాను.

అసిరయ్య